ఎండ పలికిన సాక్ష్యం

మేము పాఠం చెప్పే గదిలో తూర్పు కిటికీకి ఎదురుగా ఒక టేకు అల్మారా ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఒక దాత చేయించి ఇచ్చినది. హదీసు గ్రంథాలు, అరబీ వ్యాకరణ పుస్తకాలు, పిల్లలు పారాయణం చేసే ఖుర్ఆన్ ప్రతులు అన్నీ అందులోనే భద్రంగా ఉంటాయి. పొద్దు పొడిచింది మొదలు పది గంటల దాకా కిటికీలో నుంచి వచ్చే ఎండ దాని తలుపుల మీద పడుతుంది. ఇప్పుడు ఆ చెక్కది ముదురు తేనె రంగు. ఆ రంగు చెక్కకు పుట్టుకతో వచ్చిందనే మేము ఇన్నాళ్ళూ తలచాము. ఆ తలంపు వల్ల మా చేతుల మీదుగా ఒక మనిషికి అన్యాయం జరిగింది. ఈ నెల ఆ సంగతే పాఠకుల ముందు ఉంచదలిచాము.

పోయిన రజబ్ నెల మొదట్లో పిల్లలు బల్ల జరుపుతుండగా దాని కొస తగిలి అల్మారా తలుపు కింది భాగంలో రెండు పలకలు నిలువునా చీలిపోయాయి. మా ఊళ్ళోనే ఉండే పెద్ద వడ్రంగిని పిలిపించాము. అందరూ ఆయనను ఆచారి గారనే పిలుస్తారు. మా వీధిలోని సగం ఇళ్ళ ద్వారబంధాలు ఆయన చేతి పనే. కలపకూ కూలికీ కలిపి 7,500 రూపాయలకు మాట కుదిరింది. 4,000 బయానాగా తీసుకొని, నాలుగు రోజుల్లో కొత్త పలకలు తెచ్చి, అతుకు తెలియకుండా బిగించారు. పాలిష్ పని సెలవుల్లో అల్మారా మొత్తానికీ ఒకేసారి చేయించాలన్న ఉద్దేశంతో ఆ పలకలను ఉత్త చెక్కగానే ఉంచమన్నాము.

పని నున్నగా కుదిరింది గాని, రంగు కుదరలేదు. పైన తేనె రంగు, కింద పాలిపోయిన పసుపు. ఆ పసుపులో అక్కడక్కడ ఆకుపచ్చ ఛాయ గల చారలు, కొన్ని చోట్ల బూడిద రంగు మరకలు. కొత్త చొక్కాకు పాత గుడ్డతో మాసిక వేసినట్టు ఉంది. శుక్రవారం జుమా నమాజు తర్వాత కమిటీ పెద్దలు వచ్చి చూశారు. వారిలో ఒకరు, "ఇదేం టేకు? ఏదో నాటు కర్ర తెచ్చి మనకు అంటగట్టాడు" అని అన్నారు. ముంగిట్లో నలుగురూ పోగయ్యారు. ఆచారి గారిని పిలిపించి అడిగారు. ఆయన కోపగించలేదు. పలక మీద చేయి వేసి, మా వైపు తిరిగి, "మౌలానా గారూ, ఇది పచ్చి రంగు. ఎండ తగలనివ్వండి. రెండు నెలలు ఆగి చూడండి, మీకే తెలుస్తుంది" అని మాత్రం అన్నారు.

మేము ఆ మాటకు బదులు చెప్పలేదు. మద్రసా పద్దులు రాసేది మేమే. మిగిలిన 3,500 రూపాయలు ఇవ్వవద్దని పెద్దలు అన్నప్పుడు, "కలపపై సందేహము, నిలుపుదల" అని మా చేత్తోనే పుస్తకంలో రాశాము. ఆచారి గారు పనిముట్ల సంచిని సైకిలుకు తగిలించుకొని వెళ్ళిపోయారు.

షాబాన్ నెల చివరికి వచ్చింది. రమజాన్ రాకకు ముందు గదులు కడగడం, పుస్తకాల దుమ్ము దులపడం మా ఆనవాయితీ. సహరీ, ఇఫ్తార్ వేళల కొత్త పట్టిక అతికించాలని ఒక విద్యార్థి, అల్మారా కింది పలక మీద తాను అంతకు ముందు అతికించిన నమాజు వేళల పట్టికను ఊడదీశాడు. వెంటనే, "హజ్రత్, ఇది చూడండి" అని పిలిచాడు. కాగితం ఉన్న మేర చెక్క మీద నలుపలకల మచ్చ ఉంది. ఆ మచ్చలో మేము రజబ్‌లో చూసిన పాలిపోయిన పసుపు, పచ్చని చారలు అలాగే ఉన్నాయి. మచ్చ చుట్టూ ఉన్న చెక్క మాత్రం బంగారు ఛాయ గల గోధుమ రంగుకు తిరిగింది. పాత పలకలంత ముదరలేదు, కాని వాటి దారిలోనే నడుస్తోంది. రోజూ ఎదుటే కూర్చొని పాఠం చెబుతున్నా, కొద్దికొద్దిగా జరిగిన ఆ మార్పు మా కంటికి ఆనలేదు. కాగితం తీసినప్పుడే కనిపించింది.

అయితే ఆ మచ్చను చూసినంత మాత్రాన పలక టేకేనని తీర్మానించడం కూడా తొందరపాటే అవుతుంది. ఎండకు రంగు ముదిరే చెక్కలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒకసారి తెలియక నింద వేశాము, ఇప్పుడు తెలియక తీర్పు చెప్పరాదు. అందుకని పొరుగూరి నుంచి మరొక వడ్రంగిని పిలిపించి, ముందటి తగువు సంగతి చెప్పకుండా, పాత పలకనూ కొత్త పలకనూ పరీక్షించమన్నాము.

ఆయన చేసిన పరీక్ష చాలా సులువైనది. అల్మారా తలుపు తెరిచి, లోపలి అంచున ఎవరికీ కనిపించని చోట పాత పలక మీద చిత్రికతో రెండుసార్లు పట్టారు. కాగితం కన్నా పలుచని పొట్టు లేచింది. ఆ కింద బయటపడ్డ చెక్క పాలిపోయిన పసుపు. అందులో అవే పచ్చని చారలు. పాత పలకలోనూ కొత్త పలకలోనూ ఒకే తీరు రేఖలు. రెండింటి పొట్టునూ వేళ్ళ మధ్య నలిపితే ఒకే రకం జిడ్డు, తోలును తలపించే ఒకే రకం వాసన. "రెండూ టేకే. రెండూ చేవ చెక్కే. ఒకటి ముసలిది, ఒకటి పసిది, అంతే తేడా" అని ఆయన తేల్చారు.

ఇలా ఎందుకు జరుగుతుందో మా విద్యార్థులకు వివరించడానికి మేము కొంత చదివి తెలుసుకొన్నాము. చెక్కను ఇటుక గోడతో పోల్చవచ్చు. అందులో ఇటుకల వంటిది సెల్యులోజ్ అనే నార. ఇటుకలను పట్టి ఉంచే సున్నం వంటిది లిగ్నిన్ అనే పదార్థం. ఇవి కాక చెట్టు తన చేవలో దాచుకొనే నూనెలు, రంగు పదార్థాలు ఉంటాయి. చెట్టుకు చెట్టుకు రంగు వేరుగా ఉండటానికి ఈ చివరివే ముఖ్య కారణం. ఎండలో మన కంటికి కనిపించే వెలుగుతో పాటు కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. లిగ్నిన్ ఆ కిరణాలను బాగా పీల్చుకొంటుంది. ఆ శక్తికి దాని బంధాలు తెగుతాయి. తెగిన ముక్కలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపు, గోధుమ రంగు గల కొత్త పదార్థాలుగా మారుతాయి. చేవలోని రంగు పదార్థాలు కూడా వెలుగుకూ గాలికీ లోనై మారుతాయి. టేకును కోసిన కొత్తలో ఉండే చారలు, మరకలు ఈ విధంగానే కొద్ది వారాల్లో సర్దుకొని, చెక్క అంతా ఒకే బంగారు గోధుమ రంగుకు వస్తుంది.

ఈ పనికి మన ఇళ్ళన్నిటిలోనూ మరొక నిదర్శనం ఉంది. వార్తాపత్రికను రెండు రోజులు ఎండలో వదిలితే పసుపెక్కుతుంది. వార్తాపత్రిక కాగితాన్ని చెక్క గుజ్జులోని లిగ్నిన్‌ను పూర్తిగా తీసివేయకుండా తయారు చేస్తారు. లిగ్నిన్ తీసివేసిన మేలి కాగితం మీద అచ్చయిన గ్రంథాలు అంత తొందరగా పచ్చబడవు. కనుక పలక రంగు మారడమూ, పత్రిక పసుపెక్కడమూ దాదాపు ఒకే కథ.

ఎండ అన్ని చెక్కలనూ ముదురు చేస్తుందని కూడా అనుకోరాదు. పనస చెక్క కోసినప్పుడు పసుపుగా ఉండి, పోనుపోను గోధుమ రంగుకు తిరుగుతుంది. అండమాన్ దీవుల్లో దొరికే పడౌక్ చెక్క మొదట మండుతున్న ఎరుపుతో ఉండి, ఎండ తగిలే కొద్దీ ఆ ఎరుపును వదులుకొని గోధుమ రంగులోకి దిగుతుంది. కాశ్మీరు పనివారు పెట్టెలూ రిహాళ్ళూ చెక్కే అక్రోట్ చెక్క మొదటే ముదురు రంగుది. అది ఎండకు పాలిపోతుంది. ఇంటి లోపల ముదిరే టేకు కూడా, పాలిష్ లేకుండా ఎండకూ వానకూ బయట నిలిచినప్పుడు వెండిలాంటి బూడిద రంగు తేలుతుంది. ఎండ విరిచిన లిగ్నిన్‌ను వాన కడిగివేస్తుంది. పైన నార మాత్రం మిగులుతుంది. తడికి పట్టే బూజు ఆ నారకు బూడిద ఛాయను ఇస్తుంది. ఒకే ఎండ, ఒకే చెక్క. ఉన్న చోటును బట్టి ఫలితం వేరు.

వీటన్నిటికంటే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ మార్పు లోతు. అతినీలలోహిత కిరణాలు చెక్కలోకి వెళ్ళే లోతు సుమారు 75 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరును 1,000 భాగాలు చేస్తే అందులో 75. మన తల వెంట్రుక మందం ఇంచుమించు అంతే. కంటికి కనిపించే వెలుగు ఇంకొంచెం లోపలికి, సుమారు 200 మైక్రాన్ల దాకా వెళుతుంది. ఇరవై ఏళ్ళ ఎండ మా అల్మారా మీద రాసిన రాత అంతా దాదాపు ఆ పలుచని పొరలోనే ఉంది. ఆ పొర మందమంత వివేకం కూడా మేము చూపలేకపోయాము. వెంట్రుకవాసి పైపూతను చూసి లోపలి చేవను కాదన్నాము, ఆ చేవను తెచ్చి ఇచ్చిన మనిషి నిజాయితీనీ కాదన్నాము.

ఇక్కడ మన ఉమ్మత్ చరిత్రలోని ఒక వస్తువును తలచుకోవడం సముచితం. టునీషియాలోని కైరవాన్ మహా మస్జిదులో క్రీ.శ. 9వ శతాబ్దం నాటి మింబర్ ఒకటి నేటికీ నిలిచి ఉంది. నేడు మిగిలి ఉన్న మింబర్లలో అతి ప్రాచీనమైనదిగా దానికి పేరు. అది టేకుతో చేసినది. టేకు టునీషియా నేలలో పుట్టే చెట్టు కాదు. సముద్రాలు దాటి ఆసియా నుంచి వెళ్ళిన కలప అది. మస్జిదు నీడలో, వానకూ నేరుటెండకూ దూరంగా ఉండటం దాని ఆయుష్షుకు తోడ్పడింది. ఆ మింబర్‌ను చూసేవారు దాని ముదురు గోధుమ రంగునే చూస్తారు. దాన్ని చెక్కిన రోజున ఆ వడ్రంగి చూసిన రంగు వేరు. మస్జిదె నబవీలో మొదటి మింబర్ కూడా ఒక వడ్రంగి చేతుల మీదుగా వచ్చినదే. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి పని చేసి జీవించేవారని సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) అల్లాహ్ ఆజ్ఞ మేరకు పలకలు కూర్చి ఓడను నిర్మించారు. ఇటువంటి గౌరవం గల వృత్తిలో ఉన్న మనిషిని, అతని విద్య గురించి ఏమీ తెలియని మేము నలుగురిలో నిలబెట్టి సందేహించాము.

మరునాడు అసర్ నమాజు తర్వాత 3,500 రూపాయలు తీసుకొని, ఆ మాట అన్న పెద్దాయనను కూడా వెంటబెట్టుకొని ఆచారి గారి ఇంటికి వెళ్ళాము. ఆయన అరుగు మీద కూర్చొని ఉలి నూరుకొంటున్నారు. లేచి నిలబడి, కుర్చీలు వేయించారు. జరిగింది చెప్పి, క్షమించమని కోరి, డబ్బు చేతిలో పెట్టాము. ఆయన లెక్క పెట్టకుండానే జేబులో వేసుకొన్నారు. కొంతసేపు ఊరకుండి, ఇలా అన్నారు: "డబ్బు సంగతి సరే మౌలానా గారూ. ఆ రోజు మీ ముంగిట్లో నలుగురూ విన్నారు. మర్నాటికి ఊరంతా పాకింది. ద్వారబంధం పని నాకిస్తానన్న ఒకాయన వేరే చోట చేయించుకొన్నాడు. నలుగురిలో పడ్డ మాటను నలుగురిలోనే తీయాలి గదా."

మా తల వంగిపోయింది. ఎందుకంటే ఆయన చెప్పినది మేము ఏటా పై తరగతి విద్యార్థులకు బోధించే నియమమే. దైవం పట్ల చేసిన లోపానికి తౌబా చేస్తే ఆయన కరుణామయుడు. కాని హుఖూఖుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కు, ఆ మనిషికి తిరిగి చేరేదాకా మన మెడ మీద బరువుగానే ఉంటుంది. సొమ్ము తీసుకొన్నవాడు సొమ్ము ఇవ్వాలి. పరువు తీసినవాడు, ఎవరి ఎదుట తీశాడో వారి ఎదుటే దాన్ని నిలబెట్టాలి. సూరె హుజురాత్‌లో అనుమానాలకు దూరంగా ఉండమన్న హెచ్చరికను మేము ఎన్నిసార్లు వ్యాఖ్యానించామో లెక్కలేదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధనను నల్లబల్ల మీద రాయించాము. నల్లబల్లకూ అల్మారాకూ మధ్య దూరం నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులు దాటడానికి మాకు రెండు నెలలు పట్టింది.

తర్వాతి శుక్రవారం జుమా నమాజు ముగిశాక, జనం లేవకముందే మేము నిలబడి చెప్పాము. "మద్రసా అల్మారాకు ఆచారి గారు వేసినది అసలైన టేకు చెక్క. సందేహించినది మా తప్పు. ఆ రోజు విన్నవారు ఈ మాట కూడా విన్నారు కనుక, విననివారికి చేర్చండి." ఆ పెద్దాయన కూడా లేచి, "ఆ మాట నా నోటి నుంచే వచ్చింది, తప్పు నాదే" అని అన్నారు. పెద్ద వయసులో, అందరి ఎదుట అలా అనడం సులువు కాదు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక. చేజారిన ద్వారబంధం పని మాత్రం ఆచారి గారికి తిరిగి రాలేదు. దాన్ని తిరిగి తెచ్చే దారి మా వద్ద లేదు. ఆలస్యంగా చేసిన న్యాయంలో ఎప్పుడూ ఇటువంటి వెలితి ఒకటి మిగిలిపోతుంది.

ఇళ్ళలో కలప పని చేయించే వారికి మా అనుభవం నుంచి కొన్ని మాటలు. పని ఒప్పుకొనేటప్పుడే ఏ చెక్కో, ఎంత కొలతో కాగితం మీద రాసుకోండి. అది అపనమ్మకం కాదు. ఒప్పందాలను రాసుకోవడం మన ధర్మం నేర్పిన పద్ధతే, ఇరుపక్షాలకూ రక్ష. అదే చెక్కలోని చిన్న ముక్కను వడ్రంగి చేతనే సంతకం చేయించి పెట్టెలో దాచండి. వెలుగు సోకని ఆ ముక్క తర్వాత రంగు ఎంత మారిందో చూపుతుంది. పాతదానికి కొత్త అతుకు వేయించినప్పుడు రంగు కలవలేదని వెంటనే తగవుకు దిగకండి. అనుమానం తీరకపోతే మరొక పనివాణ్ణి పిలిచి, కనిపించని అంచున పాత చెక్కను చిత్రిక పట్టించి చూడండి.

కొత్త బల్ల ఇంటికి వచ్చిన మొదటి నెలల్లో దాని మీద ఒకే చోట గుడ్డ పరచి గాని, పూలకుండీ పెట్టి గాని వదిలివేయకండి. వాటిని అప్పుడప్పుడు జరుపుతూ ఉంటే రంగు అంతటా సమంగా తిరుగుతుంది. కిటికీకి అద్దం ఉంది గదా అని నిశ్చింతగా ఉండరాదు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది, కంటికి కనిపించే వెలుగును ఆపదు. పారదర్శకమైన వార్నిష్ నీటి నుంచి కాపాడుతుంది గాని, వెలుగును పూర్తిగా అడ్డుకోదు. రంగు మారకూడదనుకొన్న వస్తువుకు తెర ఒక్కటే మేలైన ఉపాయం. వీధి తలుపుల వంటి బయటి చెక్కకు మాత్రం ఏటేటా నూనెనో పాలిష్‌నో తిరిగి పట్టించడం అవసరం.

మేము ఈ మాటలు రాస్తున్న గదిలోనే ఆ అల్మారా ఉంది. ఈసారి రమజాన్ పట్టికను దాని మీద కాక గోడకు అతికించాము. పట్టిక తీసిన చోట ఉన్న నలుపలకల మచ్చ రోజురోజుకూ చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతోంది. ఇంకొన్ని వారాలకు అక్కడ మచ్చ ఉండేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఎండ తన సాక్ష్యాన్ని తానే చెరిపివేస్తుంది. అందుకని పద్దుల పుస్తకంలో "కలపపై సందేహము, నిలుపుదల" అన్న వాక్యాన్ని మేము కొట్టివేయలేదు. దాని కిందనే, "కలప సరైనదే. సొమ్ము ముట్టినది. తప్పు మాది" అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాము. మా తర్వాత ఆ పుస్తకాన్ని చేపట్టేవారు రెండు వాక్యాలనూ కలిపి చదవాలని మా కోరిక.